తొక్కులో తగ్గిన ఉప్పు

పరభణి
ఏప్రిల్ 8

తొక్కు జాడీల యజమానురాలు కనకవ్వ అత్తకు, ఆ జాడీల పాత దొంగ సౌమ్య దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నీకు సగం మాటలు వినపడవు. వినపడాలని మామ స్పీకర్ పెడతాడు. ఇప్పుడు చెప్పబోయేది మామ చెవిన పడకూడదు. అందుకే ధర్మి కిరాణా కొట్టు చిరునామాకు పంపుతున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

ఉగాదికి వచ్చినప్పుడు మామ కొత్తగా కట్టించిన లెట్రిన్ చూశాను. సహజక్క ఈ పరిస్థితిలో దూరం నడవకూడదని ఇంటి పక్కనే కట్టించాడు, సంతోషమే. కానీ దాని గుంత మన బోరింగుకు మరీ దగ్గరగా ఉంది. పైగా కింద అంతా మంజీర ఇసుక. ఇసుక నీళ్లను వడకడుతుందని మామ అంటాడు. మురికిని కొంతవరకు ఆపుతుంది, నిజమే. నీళ్లలో కరిగిపోయినదాన్ని మాత్రం ఆపదు. నేను మూడేళ్లుగా ఇక్కడ పరిశోధన పేరుతో చేస్తున్న పనే అది అత్తా. గొట్టాల్లో ఇసుక నింపి, పైన ఉప్పునీళ్లు పోసి, కింద ఎప్పుడు ఎంత ఉప్పు వస్తుందో చూడడం.

పోయినేడు ఐదో నెలలో సహజక్కకు కడుపు పోయిన సంగతి నేను మరిచిపోలేదు. దానికీ నీళ్లకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఈసారి ఏ చిన్న అనుమానమూ మిగలకూడదు, అంతే. కాన్పు అయ్యేదాకా అక్కకు ఆ బోరింగు నీళ్లు ఇవ్వకు.

నీ
సౌమ్య

*

బాన్సువాడ
ఏప్రిల్ 19

మా కొడుకు యోగేష్‌ను కాదని ఇసుక గొట్టాలను కట్టుకున్న మేనకోడలికి, మీ అత్త ముద్దులు, మొట్టికాయలు.

నీ ఉత్తరాన్ని ధర్మి పప్పు పొట్లం కింద దాచి తెచ్చి ఇచ్చింది. నాకు ఈ వయసులో దొంగ ఉత్తరాలేమిటని అది ఒకటే నవ్వు.

ఏం రాశావే తల్లీ! ఆ బోరింగు మీ మామకు రెండో పెళ్లాం. కాదు, మొదటిది అదే, నేనే రెండోదాన్ని. యోగేష్ పుట్టిన ఏడు తన చేతులతో దింపాడు. బాన్సువాడ నుంచి బీర్కూర్ దాకా ఎందరి బోరింగులు బాగు చేసినా ఇంటికి వచ్చి ఈ నీళ్లు తాగితేనే ఆయనకు దాహం తీరుతుంది. గడప తొక్కిన ప్రతివారికీ చెంబు ఇచ్చి "ఎట్లున్నయ్ నీళ్లు?" అని అడుగుతాడు. వాళ్లు "కొబ్బరి నీళ్ల లెక్కనే ఉన్నయన్నా" అనేదాకా చెంబు వెనక్కి తీసుకోడు. అందుకే ఇంట్లోకి నల్లా కూడా పెట్టించలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

పొద్దున్నే లేచి సహజ గదిలో మట్టి రంజన్ కడిగి నింపేది కూడా ఆయనే. కోడలికి తన నీళ్లు తాగిస్తున్నానన్న మురిపెం. సహజకు తల్లి లేదు, కాన్పు ఇక్కడే కావాలి. ఆ పిల్ల కోసం గుంత తవ్వింది ఆయన, ఆ గుంత వల్లే నీళ్లు పాడవుతాయని నేను చెప్పాలా? ఆ మాటతో ఆయన అన్నం మానేస్తాడు. నీళ్లు చక్కగా ఉన్నాయి. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

మీ అత్త
కనకవ్వ

*

పరభణి
ఏప్రిల్ 30

రెండో పెళ్లాం గారికి,

సరే, మామకు చెప్పకు. కానీ నాకోసం ఒక పని చెయ్యి.

నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇస్తే ఇవాళ బాగున్నాయనే వస్తుంది, గుంత కొత్తది కదా. మనకు తెలియాల్సింది గుంత నుంచి బోరింగుకు దారి ఉందా లేదా అని. నేను గొట్టంలో చేసేది నువ్వు నేలమీద చెయ్యి. దొడ్డుప్పు పది కిలోలకు తగ్గకుండా గుంతలో పొయ్యి. తర్వాత రోజూ బోరింగు నీళ్లు నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మెయ్యి. ఉప్పు తగిలిందంటే దారి ఉన్నట్టే. ఉప్పు వచ్చిన దారినే మిగతావీ వస్తాయి.

బావకు కూడా చెప్పకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

సౌమ్య

*

బాన్సువాడ
మే 27

పంతులమ్మకు,

నీ పరీక్షలో నువ్వే ఫెయిల్ అయ్యావు!

ఉప్పు తెప్పించడానికి నేను పడ్డ పాట్లు విను. ఏమీ లేనప్పుడు బస్తా ఉప్పు కొంటే మీ మామ ఊరుకుంటాడా? అందుకే తొక్కు పెట్టే రోజు దాకా ఆగాను. మామిడికాయలు కొట్టించి, ధర్మి కొట్టులో ఉన్న ఉప్పంతా తెచ్చాను. "గింత ఉప్పెందుకే? కాయలనా, నన్నా ఊరబెడ్తవ్?" అన్నాడు. "మీరు ఎప్పుడో ఊరిన్రు, ఇగ కాయలే మిగిలినయ్" అన్నాను. ఆయన పిట్లంలో పనికి పోగానే కొంగు నడుముకు దోపి సగానికి పైగా గుంతలో కుమ్మరించాను. మళ్లీ తెప్పిస్తే దొరికిపోతానని తొక్కులో కొంచెం చెయ్యి బిగించి వేశాను. నా చేతి తొక్కు, ఉప్పు తగ్గినా రుచి తగ్గదు.

ఆ రోజు నుంచి పూటపూటకూ నాలుక తడుపుకుంటున్నాను. ఉప్పు లేదు, గిప్పు లేదు. తేనె లెక్కన ఉన్నాయి. మీ మామ నన్ను బోరింగు దగ్గర చూసి "ఏందే, కొత్తగ నా నీళ్ల మీద ప్రేమ పుట్టింది?" అని మురిసిపోతున్నాడు. పాపం, ఆ ముఖం చూస్తే నాకే సిగ్గయింది.

సహజ బాగుంది. పుల్లటివి అడుగుతున్నది. ఐదో నెల పడ్డది. దాని గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడడం లేదు. సహజ మెట్టు దిగితే చాలు, అందరం ఒకేసారి లేచి నిలబడుతున్నాం.

మీ అత్త

*

పరభణి
జూన్ 9

అత్తా,

తొందరపడి గెలిచానని డప్పు కొట్టుకోకు. తప్పు నాదే, కాలం చూడకుండా చెప్పాను.

ఎండాకాలంలో మన ఇసుక పొడిగా ఉంటుంది. గింజకూ గింజకూ మధ్య సందుల్లో గాలే ఉంటుంది. ఉన్న కాస్త తడి గింజలను అంటిపెట్టుకుని ఉంటుంది కానీ ఎటూ పోదు. నీళ్లు కదలకపోతే ఉప్పు ఎట్లా కదులుతుంది? నువ్వు పోసినదంతా గుంత కింద అట్లాగే కూర్చుని ఉంది. రాలేదంటే దారి లేదని కాదు, బస్సు ఇంకా బయలుదేరలేదని.

వానలు పడి ఇసుక నిండా తడిస్తే సందులన్నీ నీళ్లతో నిండి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఉప్పు గబగబా, జాతర బస్సు దిగిన జనంలా ఒక్క గుంపుగా వస్తుంది. కింద నీటిమట్టం కూడా పైకి లేస్తుంది. నా గొట్టాల్లో నిండా తడిసినవి ఒక్క పూటలో పని ముగిస్తాయి. సగం తడిసినవే నా ప్రాణం తీస్తున్నాయి. కొంత ఉప్పు అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది. మిగతాది కదలని నీళ్లున్న సందుల్లో దూరి కూర్చుని వారాల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది. నేను ఆ గొట్టం ముందు కాపలా.

మంచి వానలు పడ్డాక మళ్లీ నాలుక మీద వేసుకుని చూడు. నిజం రాయి.

సౌమ్య

*

బాన్సువాడ
జూలై 30

సౌమ్యకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ జూన్ అంతా వాన లేదు. పిల్లలు కప్పతల్లి ఆడుకుంటూ వచ్చారు. రోకలికి వేపాకుతో కట్టిన కప్పమీద బిందెడు నీళ్లు కుమ్మరించాను. కప్పకు ఏం కోపమొచ్చిందో, తర్వాత వారం నుంచి ఆగకుండా కొడుతున్నది. నాట్లు అయిపోయాయి. మంజీరలో ఎర్రనీళ్లు వచ్చాయి.

సహజకు ఏడో నెల. పాదాలు కాస్త వాచాయి. దవాఖానలో అంతా మంచిగుందన్నారు. యోగేష్ దానికి మెత్తటి చెప్పులు తెచ్చాడు. ఈసారి తొక్కు మీద కొంచెం బూజు వచ్చింది, పైపొర తీసేశాను.

నువ్వు వేళకు తిను. ఉంటాను.

మీ అత్త

*

పరభణి
ఆగస్టు 7

అత్తా,

కప్ప గురించి రాశావు, చెప్పుల గురించి రాశావు, తొక్కు మీద బూజు గురించి కూడా రాశావు. నీళ్ల గురించి ఒక్క మాట లేదు. మామను వెక్కిరించకుండా నువ్వు ఉత్తరం ముగించడం ఇదే మొదటిసారి.

ఉప్పు వచ్చిందా?

నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. అక్క ఏ నీళ్లు తాగుతున్నదో ఒక్కటి చెప్పు. రాత్రి నిద్ర పట్టడం లేదు.

సౌమ్య

*

బాన్సువాడ
ఆగస్టు 21

నా బంగారు తల్లికి,

వచ్చింది.

రెండో వాన తర్వాత పొద్దున నాలుక మీద వేసుకుంటే చిన్నగా తగిలింది. నా నోరే బాగాలేదేమోనని బెల్లం ముక్క తిని మళ్లీ చూశాను. మరునాడు ఇంకా ఎక్కువ. కన్నీళ్లు నోట్లోకి జారితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నీకు రాద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదు. రాస్తే అది నిజమైపోతుంది, నిజమైతే మీ మామకు చెప్పాలి.

ఇంకొకటి కూడా నీకు చెప్పలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచే సహజకు బోరింగు నీళ్లు మాన్పించాను. నీతో వాదిస్తూనే మాన్పించాను. మీ మామ రంజన్ నింపి పనికి పోగానే ఆ నీళ్లు గుమ్మడిపాదుకు పారబోసి, ధర్మి వాకిట్లోని నల్లా నుంచి బిందె మోసుకొచ్చి నింపేదాన్ని. మామకు చెప్పవద్దని సహజతో ఒట్టు వేయించుకున్నాను. నువ్వెంత చదివినా నా మేనకోడలివే కదా, నీ మాట వినబోనని ఎట్లా అనుకున్నావే?

అసలు సంగతి ఇప్పుడు విను. పోయిన సోమవారం రంజన్ ఖాళీ చేయబోతూ దాహమై ఒక గుక్క తాగాను. ఉప్పు లేదు. బ్లీచింగ్ వాసన వచ్చింది. నా చెవులు పోయాయి గానీ ముక్కు బాగానే ఉంది. నిన్నటి నీళ్లేమో అనుకున్నాను. మరునాడు చూస్తే మళ్లీ అదే వాసన. అంటే మీ మామ పొద్దున్నే నింపుతున్నది కూడా నల్లా నీళ్లే! నేను నల్లా నీళ్లు పారబోసి నల్లా నీళ్లే మోసుకొచ్చి పోస్తున్నాను. నడుము పడిపోయింది నా తల్లీ.

సహజను అడిగితే కడుపు పట్టుకుని నవ్వింది. "మామ నీకు చెప్పొద్దన్నడు, నువ్వేమో మామకు చెప్పొద్దన్నవ్. ఇద్దరికీ ఒట్టేసిన. నేనేం చెయ్యాలె అత్తమ్మా?" అన్నది. జూన్ నుంచి జరుగుతున్నదట.

మీ మామ సాయంత్రం ఇంటికి వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను.

"రంజన్‌ల నల్లా నీళ్లెందుకు పోస్తున్రు?" అన్నాను.

ఆయన సైకిల్ స్టాండ్ వేశాడు. తర్వాత నా కుడిచెవి దగ్గరకు వచ్చి, అది కొంచెం పని చేస్తుంది కదా, మెల్లగా చెప్పాడు.

"కొత్త తొక్కు నోట్ల పెట్టుకున్న రోజే తెలిసింది. ముప్పై ఏండ్లల్ల నీ తొక్కు చప్పగుండుడు నేను చూడలే. బస్తా ఉప్పు తెచ్చి చప్పటి తొక్కు వెట్టినవంటే ఆ ఉప్పు ఏడ వోయింది? ఇల్లంత చూసిన. గుంత మూత అంచుకు ఉప్పు గల్లలు కనవడ్డయ్. ఇగ సౌమ్య చేసే పని నాకు తెల్వదా?"

"మరి ఎందుకు చెప్పలే?"

"నేను బాధపడ్తనని నువ్వు దాచినవ్. నాకు ఎరికే అని చెప్తే నువ్వు బాధపడ్తవ్. అందుకే ఊకున్న. ఉప్పు రాదులే, ఈ వానకాలం అయ్యెదాక చూసి మీ ఇద్దర్ని చూసి నవ్వుత అనుకున్న. ఎందుకైనా మంచిదని పొద్దుగాల్నే వెనక గల్లీ నల్లా కాడికి వోయి తెచ్చిన. మన గల్లీల ఎవ్వలన్న చూస్తరని."

నేను ఆయన పెదవుల వైపే చూస్తున్నాను.

"ఉప్పొచ్చింది కనకా" అన్నాడు.

నాకంటే ముందే ఆయన నాలుకకు తగిలిందట. ముప్పై ఏళ్లు తాగిన నీళ్లు, తగలకుండా ఉంటుందా! ఇద్దరం మెట్టు మీద కూర్చుని ఏడ్చాం. తర్వాత ఆయనే "తొక్కు మాత్రం ఖరాబ్ చేసినవ్" అన్నాడు. నవ్వొచ్చింది.

మరునాడు పానాతో బోరింగు చేతిపిడి ఊడదీసి అటక మీద పెట్టాడు. గుంత ఖాళీ చేయించి పూడ్పించాడు. దొడ్డి చివర, వాలు కింద, దూరంగా కొత్తది తవ్విస్తున్నాడు. ఇంటికి నల్లా పెట్టించాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే చెంబు ఇస్తాడు గానీ ఎట్లున్నాయని అడగడం లేదు.

ఒక్కటి చెప్పు. గుంత పూడ్చాం కదా, మళ్లీ ఎప్పటికి మంచిగవుతాయి? ఆయన అడగడు. నేను అడుగుతున్నాను.

మీ అత్త
కనకవ్వ

*

పరభణి
సెప్టెంబరు 2

అత్తా, మామా,

ఈ ఉత్తరం ఇంటి చిరునామాకే పంపుతున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

నీ ఉత్తరం చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్క గదిలోని మరాఠీ పిల్ల ఇంట్లో ఏదో జరిగిందనుకుని టీ తెచ్చి ఇచ్చింది. ఏం జరిగిందని అడిగితే "మా అత్త తొక్కులో ఉప్పు తక్కువ వేసింది" అన్నాను.

మామా, అబద్ధం చెప్పి నిన్ను ఊరడించలేను. నీళ్లు వెంటనే బాగవవు. వానలు తగ్గి ఇసుక సగం ఆరగానే మిగిలిన ఉప్పు మూలల్లో చిక్కుకుంటుంది. మళ్లీ తడిసినప్పుడు కొంచెం కొంచెంగా దిగుతుంది. వచ్చిన గుంపు తొందరగా వచ్చినా వెనకబడ్డవాళ్లు చాలా ఆలస్యంగా వస్తారు. ఒక వానాకాలం చాలదు, రెండు పట్టవచ్చు. మధ్యమధ్య పిడి బిగించి బోరింగు కొట్టి ఆ నీళ్లు దూరంగా పారబొయ్యి. రుచి పోయినా నేను పరీక్ష చేయించి చెప్పేదాకా తాగవద్దు.

ఆ ఉప్పు పోతుంది మామా, తప్పకుండా పోతుంది. నా గొట్టాలు చూస్తూ నేను నేర్చుకున్నది అదొక్కటే.

మీ
సౌమ్య

*

బాన్సువాడ
నవంబరు 12

ఇసుక గొట్టానికి కాపలా కాస్తూ పురిటికి రాని మేనకోడలికి,

నీ గొట్టం బాలింత కంటే ఎక్కువ పథ్యం చేయిస్తున్నది. ఫొటోలు చూశానంటే సరిపోతుందా? పిల్ల ముక్కు నా ముక్కే. గొంతు ఎంత పెద్దదంటే నాకు రెండు చెవులా వినపడుతున్నది. అది ఏడ్చినప్పుడల్లా నేను ఒక్కదాన్నే నవ్వుతున్నాను.

నిన్న ఇరవై ఒకటో రోజు చేశాం. బాలింత బాయికి పసుపు కుంకుమ పెట్టి, చెంబెడు నీళ్లు తోడి ఇంట్లోకి తెచ్చుకోవాలి కదా. మనకు బాయి లేదు, యోగేష్ పుట్టినప్పుడు నేను ఆ బోరింగుకే పూజ చేశాను. ఈసారి నల్లాకు చేద్దామని నేనన్నాను. సహజ ఒప్పుకోలేదు. "మామ బోరింగుకే చేస్త" అని కూర్చుంది. మీ మామ అటక మీది పిడి దించి, నూనె రాసి బిగించాడు.

గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. సహజ బొట్టు పెట్టి, పూలు చుట్టి, పిడి కొట్టింది. నీళ్లు తెల్లగా, చల్లగా దూకాయి. చూడడానికి ఏ లోపమూ లేదు. చెంబు నింపి నెత్తిన పెట్టుకుని గడప వైపు తిరిగింది. వెనకనుంచి ధర్మి "భోజన్న నీళ్లకేంది, కొబ్బరి నీళ్లు!" అన్నది. పాపం, ఆయన సంబరం కోసమే అన్నది.

మీ మామ గడపకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అందరి ముందూ అన్నాడు.

"గీ నీళ్లు ఇంట్లకు వద్దు బిడ్డా. ఇంక మంచిగ కాలె. చెట్టుకు పొయ్యి."

తన చేతులతోనే ఆమె నెత్తిమీది చెంబు దించి, గుమ్మడిపాదుకు పోసి, అదే చెంబును నల్లా కింద నింపి తెచ్చి సహజ నెత్తిన పెట్టాడు. నేను పక్కకు పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. సౌమ్యా, ఈ మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేశాను. నిన్నటంత ప్రేమ నాకు ఎన్నడూ కలగలేదు.

కింద ఆయన కూడా రాస్తానంటున్నాడు. పెన్ను లాక్కున్నాడు.

కనకవ్వ

బిడ్డా సౌమ్యా,

గింత రాసుడు నాకు అలవాటు లేదు. వారానికొకసారి నాలుక మీద ఏసుకుంటున్న, ఉమ్మేస్తున్న. ఇంక కొంచెం ఉన్నది. నువ్వు చెప్పినట్లే ఎనకబడ్డోల్లు వస్తుండ్రు. రానీ. నాకు తొందర లేదు.

మంచిగైనయని నువ్వు చెప్పిన రోజు మొదటి చెంబు నా మనుమరాలికి. రెండోది నీకు. అప్పుడు అడుగుత, ఎట్లున్నయ్ అని.

వచ్చే ఎండకాలం తొక్కుల ఉప్పు మాత్రం నేనే ఏస్త.

మీ మామ
భోజన్న